లావారిస్‌లకు వారసులు: ఈధీ ఫౌండేషన్ ఏడాది పొడవునా చేసే పని

2020 జనవరి మొదటి వారంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇంటిదారి పట్టారు. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్ జలాల్లోకి వచ్చారని పట్టుబడ్డవాళ్లు వీళ్లు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపారు. ‘తండేల్’ సినిమా చూసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అయితే ఇందులో ఎవరూ పెద్దగా అడగని చిన్న ప్రశ్న ఒకటుంది. కరాచీ జైలు గేటు నుంచి వాఘా దాకా సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. విడుదలైన రోజున జేబులో రూపాయి లేని మనిషి అంత దూరం ఎట్లా వస్తాడు?

ఇలా విడుదలయ్యే భారత జాలర్లను కరాచీ నుంచి లాహోర్ దాకా చేర్చే ఖర్చును చాలా ఏళ్లుగా భరిస్తున్నది అక్కడి ఒక ఖైరాతీ సంస్థ. పేరు ఈధీ ఫౌండేషన్. 2023 మే నెలలో మలీర్ జైలు నుంచి ఒకేసారి 198 మంది జాలర్లను వదిలినప్పుడు కూడా రైలు ప్రయాణం, దారి ఖర్చులు ఈ సంస్థే చూసింది. వదలకముందే జైల్లో ఎవరైనా చనిపోతే, రెండు ప్రభుత్వాల కాగితాలు తేలేదాకా ఆ మయ్యిత్‌ను ఉంచేది కూడా చాలాసార్లు ఈధీ శవాగారంలోనే.

మన ఇళ్లలో ఈధీ పేరు విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్లగడ్డం, నల్ల టోపీ, ముతక బట్టలతో ఉన్న ఆయన ఫోటో వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. కానీ ఆ సంస్థ ఏం పని చేస్తుంది, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది అనేది తెలుగులో వివరంగా దొరకదు. అందుకే ఈ వ్యాసం.

బాంట్వా నుంచి మీఠాదర్‌కు

అబ్దుల్ సత్తార్ ఈధీ 1928లో పుట్టారు. ఊరు బాంట్వా, నేటి గుజరాత్‌లోని జునాగఢ్ జిల్లా. మేమన్ వ్యాపారుల ఊరది. చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు తల్లి రెండు పైసలు ఇచ్చేదట. ఒకటి తనకు, రెండోది తనకన్నా లేనివాడికి. సాయంత్రం ఇంటికి రాగానే ఆ రెండో పైసా లెక్క అడిగేది. ఆయనకు పదకొండేళ్లున్నప్పుడు తల్లికి పక్షవాతం వచ్చింది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం అన్నీ కొడుకే చేశాడు. ఆయనకు పందొమ్మిదేళ్లప్పుడు ఆమె పోయింది. ఇట్లా మంచం పట్టినవాళ్లకు ఇంట్లో ఎవరూ లేకపోతే ఏమిటనే ఆలోచన తనకు అప్పుడే వచ్చిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

1947లో కుటుంబం కరాచీ చేరింది. వీధుల్లో సరుకులు అమ్మారు, బట్టల మార్కెట్లో కమీషన్ పని చేశారు. మొదట మేమన్లు నడిపే దవాఖానాలో సేవకు చేరారు. కానీ అక్కడ మందులు మేమన్లకే అనడంతో గొడవపడి బయటికొచ్చారు. 1951లో మీఠాదర్ గల్లీలో చిన్న గది తీసుకుని సొంతంగా దవాఖానా తెరిచారు. రాత్రి ఎవరు తలుపు తట్టినా లేవాలి కాబట్టి ఆ గది బయట సిమెంటు అరుగు మీదే పడుకునేవారు.

సంస్థకు మలుపు 1957లో వచ్చింది. ఆ ఏడాది ఆసియా ఖండమంతా పాకిన ఫ్లూ కరాచీని కూడా పట్టుకుంది. ఈధీ ఊరి చివర గుడారాలు వేసి ఉచితంగా మందులిచ్చారు. అది చూసిన ఒక వ్యాపారి 20,000 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బుతో ఆయన ఆస్పత్రి కట్టలేదు, పాత వ్యాను ఒకటి కొన్నారు. దానిమీద గరీబుల బండి అని రాయించి తనే నడిపారు. దానిలో రోగుల్ని ఎక్కించుకున్నారు, శవాల్ని కూడా ఎక్కించుకున్నారు. ఇవాళ సంస్థ చేసే పనులన్నిటికీ మొదలు ఆ ఒక్క బండే.

దవాఖానాలో నర్సు శిక్షణకు వచ్చిన బిల్కీస్ బానోను 1960ల మధ్యలో నికాహ్ చేసుకున్నారు. ఆడవాళ్ల, పిల్లల పనంతా ఆమె చేతిలో ఉండేది. 1986లో మెగసెసే అవార్డు భార్యాభర్తలిద్దరికీ కలిపి వచ్చింది. పత్రికల్లో ఆయన పేరే ఎక్కువ కనిపిస్తుంది గానీ, కింద చెప్పబోయే ఉయ్యాలల పని చూస్తే సగం సంస్థ ఆమెదే అనిపిస్తుంది.

115కు ఫోన్ చేస్తే

పాకిస్తాన్‌లో ఈధీ అంబులెన్స్ నంబరు 115. దేశంలో 300కు పైగా కేంద్రాలు, వెయ్యికి పైగా అంబులెన్సులు ఉన్నాయి. ప్రపంచంలో అతి పెద్ద స్వచ్ఛంద అంబులెన్స్ సేవ అని 1997లో గిన్నిస్ పుస్తకం రాసింది. బండ్లు ఎక్కువగా సాదా చిన్న వ్యాన్లే. లోపల పెద్ద యంత్రాలుండవు, స్ట్రెచర్ ఉంటుంది, డ్రైవర్ ఉంటాడు. త్వరగా రావడమే దాని గొప్ప. వైద్యపరంగా ఇది లోటే. దారిలో ప్రాణం నిలబెట్టే పరికరాలున్న అంబులెన్సులు వేరే సంస్థలవి, ప్రభుత్వానివి ఇప్పుడు అక్కడ తిరుగుతున్నాయి. మనకు 108 బండి అలవాటు కాబట్టి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. కానీ 108 లాంటిదేదీ లేని రోజుల్లో, కరాచీ లాంటి ఊళ్లో, బాంబు పేలినా కాల్పులు జరిగినా ముందు వచ్చే బండి ఇదే.

డ్రైవరు మతం అడగడు, ఏ పార్టీ అని అడగడు. ఇది చెప్పడం తేలికే. 1980లు, 90లలో కరాచీ వీధుల్లో వర్గాల పోరు నడుస్తున్నప్పుడు, ఏ వర్గం శవాన్ని తీశావని డ్రైవర్ని నిలదీసే పరిస్థితి ఉన్నప్పుడు, ఈ నియమం నిలబెట్టుకోవడం మాత్రం తేలిక కాదు.

ఉయ్యాల

ఈధీ కేంద్రాల బయట ఒక ఇనుప ఉయ్యాల ఉంటుంది. లోపల చిన్న పరుపు. బిడ్డను చంపకండి, ఇందులో వేసి వెళ్లండి అని పైన రాసి ఉంటుంది. వేసినవాళ్లను ఎవరూ ఆపరు, ప్రశ్నలు అడగరు, పోలీసుల్ని పిలవరు.

ఇలా 20,000 మందికి పైగా పిల్లల ప్రాణాలు నిలిచాయని సంస్థ లెక్క. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. వికలాంగులైన పిల్లలు కూడా చాలామంది. పిల్లలు లేని దంపతులకు విచారణ చేసి ఇచ్చే బాధ్యత బిల్కీస్ బానో చూసేవారు. ఎవరూ తీసుకోనివాళ్లు ఈధీ ఇళ్లలోనే పెరుగుతారు.

దీనిమీద ఆయన జీవితాంతం మాటలు పడ్డారు. నికాహ్ లేకుండా పుట్టే పిల్లలకు ఇది దారి తెరుస్తుందని కొందరు మౌలానాలు ఫత్వాల దాకా వెళ్లారు. ఆయన జవాబు ఒకటే: తప్పు చేసినవాళ్లెవరైనా కానీ, ఉయ్యాల్లో ఉన్న బిడ్డ తప్పేముంది? ఉయ్యాల పెట్టకముందు చెత్తకుప్పల్లో దొరికిన పసికందుల శవాలను ఎత్తుకొచ్చి దఫన్ చేసింది ఆయనే. ఆ అనుభవం లేనివాళ్ల ఫత్వాకు ఆయన భయపడలేదు.

ఇక్కడ షరియత్ సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఇస్లాంలో కఫాలత్ ఉంది, అంటే అనాథను తీసుకుని పెంచడం. దానికి పెద్ద సవాబు ఉంది. కానీ నసబ్ మార్చకూడదు, పెంచినవాళ్ల పేరు తండ్రి స్థానంలో రాయకూడదు. వారసత్వ హక్కు కూడా రాదు, వసీయత్ ద్వారా మూడో వంతు దాకా ఇవ్వొచ్చు. మరి తండ్రి ఎవరో తెలియని బిడ్డకు గుర్తింపు కార్డు కావాలంటే తండ్రి పేరు ఏం రాయాలి? పాకిస్తాన్‌లో చాలాకాలం ఈ గడి దగ్గరే అనాథల బతుకు ఆగిపోయేది. కార్డు లేకపోతే పరీక్ష లేదు, ఉద్యోగం లేదు. వేలమంది పిల్లలకు ఈధీ తనే సంరక్షకుడిగా పేరు రాయించుకున్నారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2014లో తల్లిదండ్రులు తెలియని అనాథలకు కార్డులిచ్చే విధానం అక్కడి ప్రభుత్వం తెచ్చింది. అన్నం పెట్టడం చాలా సంస్థలు చేస్తాయి. దరఖాస్తులో ఒక గడి కోసం కోర్టుకెక్కడం తక్కువమందే చేస్తారు.

ఎవరూ రాని మయ్యిత్

కరాచీలో సొహ్రాబ్ గోఠ్ దగ్గర ఈధీ శవాగారం ఉంది. రోడ్డు మీద, నాలాలో, రైలు పట్టాల మీద దొరికిన శవాలు ఇక్కడికే వస్తాయి. ఫోటో తీస్తారు, వివరాలు రాసుకుంటారు, కొన్ని రోజులు ఉంచి బంధువుల కోసం చూస్తారు. ఎవరూ రాకపోతే గుస్ల్ చేయించి, కఫన్ కట్టి, జనాజా నమాజు చదివించి మవాచ్ గోఠ్ ఖబరస్తాన్‌లో దఫన్ చేస్తారు. సమాధుల మీద పేర్లుండవు, నంబర్లుంటాయి. ఏ నంబరు ఎవరిదో తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఫోటో చూపించి ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్లడానికే ఆ లెక్క. కుళ్లిపోయిన శవాలను ఈధీ సాహెబ్ చాలా ఏళ్లు తన చేతులతోనే కడిగారు.

ఎండాకాలంలో ఈ పని ఎట్లా మారుతుందో చూస్తే ఊరి పరిస్థితి అర్థమవుతుంది. 2015 జూన్‌లో, రంజాన్ మొదటి రోజుల్లోనే, కరాచీని వడగాలులు పట్టుకున్నాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. శవాగారంలో చోటు చాల్లేదు. 2024 జూన్‌లో మళ్లీ అదే. మామూలుగా రోజుకు 30, 40 శవాలు వచ్చే చోట ఆరు రోజుల్లో 568 వచ్చాయని సంస్థ చెప్పింది. ఒక్క రోజే 141. ప్రభుత్వం చెప్పే వడదెబ్బ మరణాల లెక్క ఒకటుంటుంది, శవాగారం రిజిస్టరు ఇంకొకటి చెబుతుంది. కరాచీలో విలేకరులు ముందు చూసేది ఈ రెండోదాన్నే.

డబ్బు సంగతి

నేను చదివింది కామర్స్ కాబట్టి ఏ ట్రస్టు గురించి రాసినా కళ్లు ముందు దీనిమీదకే పోతాయి. ఈధీ ప్రభుత్వాల డబ్బు తీసుకోలేదు. షరతులతో ఇచ్చే విదేశీ సంస్థల డబ్బునూ దూరం పెట్టారు. మామూలు జనం ఇచ్చే జకాత్, ఫిత్రా, సదఖా, ఖైరాత్‌లతోనే సంస్థ నడుస్తుంది. బయటి దేశాల్లో ఉన్న పాకిస్తానీలు పంపేదీ ఎక్కువే. పెద్ద విపత్తులప్పుడు ఆయన రోడ్డు పక్కన కూర్చుని జోలె పట్టేవారు. వచ్చేపోయేవాళ్లు అందులో నోట్లు వేసి ఆయన చేతులు ముద్దుపెట్టుకునేవారు. తాను మాత్రం సంస్థ నుంచి జీతం తీసుకోలేదు, ఆఫీసు పక్కనే చిన్న గదిలో బతికారు.

ఏడాదిలో రెండు సీజన్లు సంస్థకు ముఖ్యం. ఒకటి రంజాన్. రెండోది బక్రీద్, అప్పుడు ఖుర్బానీ తోళ్లు వస్తాయి. ఒకప్పుడు తోళ్ల ఆదాయం బాగా ఉండేది. ఎంతగానంటే కరాచీలో తోళ్ల కోసం పార్టీలు, గుంపులు బెదిరింపులకు దిగేవి, ఇచ్చిన తోళ్లు దారిలో లాక్కున్న సంఘటనలున్నాయి. ఇటీవలి ఏళ్లలో తోలు ధర పడిపోయి ఆ ఆదాయమే సన్నగిల్లింది. ఇది అక్కడి మాటే కాదు, మన దగ్గర మదర్సాలు నడిపేవాళ్లను అడిగినా ఇదే చెబుతారు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని మన దాతలు కూడా తెలుసుకోవాలి. హనఫీ ఉలమాలో ఎక్కువమంది అభిప్రాయం ప్రకారం జకాత్ చెల్లాలంటే తమ్లీక్ జరగాలి, అంటే ఆ సొమ్ముకు ఒక బీద ముస్లింను యజమానిని చేయాలి. కాబట్టి జకాత్ డబ్బుతో కఫన్ కొనకూడదు, భవనం కట్టకూడదు, అంబులెన్సు కొనకూడదు, ముస్లిమేతరులకు ఇవ్వకూడదు. కొందరు ఉలమా ఫీ సబీలిల్లాహ్ అనే పద్దును విశాలంగా చూస్తారు గానీ, మన ప్రాంతంలో ఎక్కువగా నడిచేది మొదటి మాటే. ఇప్పుడు పైన చెప్పిన పనులన్నీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల్లో వేసిన, మతం తెలియని బిడ్డ, రోడ్డు మీది అనామక శవం, డీజిల్, డ్రైవర్ జీతం... వీటిలో చాలావాటికి జకాత్ సొమ్ము సూటిగా అందదు. సదఖా, లిల్లాహ్ సొమ్మే కావాలి. కానీ మనలో చాలామంది రెండున్నర శాతం లెక్కకట్టి ఇచ్చేసి, ఈ ఏడాదికి అయిపోయింది అనుకుంటాం. ఏ సంస్థకు ఇచ్చినా రసీదు మీద ఏ పద్దు కింద ఇస్తున్నామో రాయించుకోవడం, జకాత్ కాక వేరేగా కొంత ఇవ్వడం అందుకే అవసరం.

సంస్థలో లోపాలు లేవని కాదు. 2014 అక్టోబరులో మీఠాదర్ ఆఫీసులోకి ఆయుధాలతో దొంగలు చొరబడి, అప్పటికి ఎనభై దాటిన ఈధీ సాహెబ్ కళ్లముందే అల్మారాలు పగలగొట్టి నగదు, కిలోల కొద్దీ బంగారం ఎత్తుకెళ్లారు. బంగారంలో చాలావరకు జనం నమ్మకంతో దాచుకున్న అమానత్. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు, మళ్లీ విరాళాలు కుమ్మరించారు. అయినా అడగాల్సిన మాట అడగాలి. అంత సొమ్ము బ్యాంకులో కాక ఆఫీసు అల్మారాలో ఎందుకుంది? ఒక మనిషి మంచితనం మీద నడిచే సంస్థలో లెక్కల పద్ధతి వెనకపడటం మామూలే.

గీత, బాసర

2015 అక్టోబరు 26న గీత అనే మూగ, చెవిటి అమ్మాయి కరాచీ నుంచి ఢిల్లీకి వచ్చింది. చిన్నప్పుడు దారితప్పి రైల్లో లాహోర్ చేరిన ఆమెను ఈధీ ఇంట్లో పెట్టారు. మాటల్లేవు, పేరు లేదు. ఆమె చేతులు జోడించి దండం పెట్టే తీరు చూసి హిందువుల బిడ్డని గ్రహించిన బిల్కీస్ బానో ఆమెకు గీత అని పేరు పెట్టారు, గదిలో పూజకు దేవుళ్ల పటాలు తెచ్చి పెట్టారు. పదేళ్లకు పైగా ఒక ముస్లిం ఇంట్లో ఆ పిల్ల తన పూజ తను చేసుకుంటూ పెరిగింది.

గీత తిరిగొచ్చాక ప్రధాని మోదీ ఈధీ ఫౌండేషన్‌కు కోటి రూపాయలు ప్రకటించారు. ఈధీ కృతజ్ఞతలు చెప్పి, ప్రభుత్వాల దగ్గర తీసుకోవడం తమ పద్ధతి కాదని వద్దన్నారు.

ఇండియా వచ్చినా ఆమెకు అమ్మానాన్నలు వెంటనే దొరకలేదు. రైల్వే స్టేషను, దగ్గర్లో నది, గుడి అని ఆమె సైగలతో చెప్పిన గుర్తులు పట్టుకుని 2020 డిసెంబరులో ఇండోర్ సేవకులు ఆమెను మన నిర్మల్ జిల్లా బాసరకు కూడా తీసుకొచ్చారు. గోదావరి ఉంది, సరస్వతి గుడి ఉంది, స్టేషనూ ఉంది. కానీ ఆమె ఊరు అది కాదు. మరుసటి ఏడాది మార్చిలో మహారాష్ట్రలో తల్లి దొరికినట్టు తెలిసింది. ఈ మాట పాకిస్తాన్ పత్రికలకు చెప్పింది బిల్కీస్ బానోయే. గీత వెళ్లిపోయి ఐదేళ్లు దాటినా ఆమెతో మాటలు తెగలేదన్నమాట.

ఇప్పుడు

మూత్రపిండాల జబ్బుతో చాలాకాలం బాధపడి ఈధీ సాహెబ్ 2016 జూలై 8న కరాచీలో కన్నుమూశారు. చికిత్సకు విదేశానికి పంపిస్తామంటే ఒప్పుకోలేదు. కళ్లు దానం చేశారు. ఈధీ విలేజ్‌లో చాలా ఏళ్ల ముందే తన కోసం తవ్వించి పెట్టుకున్న సమాధిలోనే దఫన్ చేశారు. బిల్కీస్ బానో 2022 ఏప్రిల్ 15న, రంజాన్ నెలలో వెళ్లిపోయారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇప్పుడు నడిపేది కొడుకు ఫైసల్ ఈధీ. తండ్రి పోయాక విరాళాలు తగ్గాయని ఆయనే చెప్పారు. జనం ఇచ్చింది సంస్థకా, ఆ మనిషికా అనే ప్రశ్న అప్పుడు బయటపడింది. అయినా 2022 వరదల్లో సింధ్, బలూచిస్తాన్ ఊళ్లలో ఈధీ బండ్లు తిరిగాయి. 2021 ఏప్రిల్‌లో మన దగ్గర రెండో వేవ్‌లో ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడుతున్నప్పుడు ఫైసల్ ప్రధాని మోదీకి ఉత్తరం రాశారు. 50 అంబులెన్సులు, నడిపే మనుషులతో సహా పంపుతాం, మా తిండి, మా డీజిల్ మేమే చూసుకుంటాం, రావడానికి అనుమతి మాత్రం ఇవ్వండి అని. ఆ అనుమతి రాలేదు. బండ్లు కరాచీలోనే ఉండిపోయాయి.